చేరడం వేరు, చిక్కడం వేరు

మా చిన్నాన్న తెచ్చిన కాగితంలో అసలు మాట ఒకే వరుసలో ఉంది. పంపిన ముక్కల్లో క్యాన్సర్ కణాలు కనిపించలేదు, అంతే. ఆయన పలాస దగ్గరి పల్లె నుంచి జంషెడ్‌పూర్ వచ్చి, గోవింద్‌పూర్‌లో రెండు గదుల ఇల్లు కట్టుకుని, ముప్పై ఏళ్లు చిన్నా పెద్దా ఫౌండ్రీల్లో కాంట్రాక్టు పని చేసిన మనిషి. ఇంగ్లిషు రాదు. డాక్టరు హిందీలో చెప్పినదాన్ని దారిలోనే శ్రీకాకుళం తెలుగులోకి మార్చుకుని, ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే అన్నాడు: "ఏటీ నేదంటర్రా." ఆ పూట ఇంట్లో పాయసం వండారు. ఐదు నెలల తర్వాత తీసిన సీటీలో ఆయన ఊపిరితిత్తిలోని మచ్చ 18 మిల్లీమీటర్ల నుంచి 23కి పెరిగింది.

డాక్టరు అబద్ధం చెప్పలేదు, చిన్నాన్నా తప్పు వినలేదు. "దొరకలేదు" అన్నది "లేదు"గా మారడానికి ఆసుపత్రి గేటు నుంచి ఇంటిదాకా ఉన్న దూరం చాలు. గొట్టం వేసి ఊపిరితిత్తుల్లోంచి ముక్క తీసే విద్య గత నూట పాతికేళ్లలో ఎంతో ముందుకు వచ్చింది. ఆ దారి చివర ఉన్న ఈ రెండు మాటల తేడాను మాత్రం పూర్తిగా చెరపలేకపోయింది. ఆ విద్య ఇప్పుడు ఎక్కడుందో, ఏది నిజంగా పనికొస్తోందో, దేనికి పేరు ఎక్కువై ఫలితం తక్కువైందో ఒకసారి కూడగట్టి చూడాలనిపించింది.

ఇక్కడి హిందీలో బ్రాంకోస్కోపీని "దూర్బీన్ జాంచ్" అంటారు. మనవాళ్లలో పెద్దవాళ్లు "గొట్టం పరీక్ష" అంటారు. బయాప్సీ అంటే "ముక్క పరీక్ష". రెండు పేర్లూ బాగానే ఉన్నాయి గానీ, దూర్బీన్ అన్న మాట కొంచెం మోసం చేస్తుంది. దూర్బీన్‌తో దూరంగా ఉన్నది కనబడుతుంది కదా! ఊపిరితిత్తి అంచున ఉన్న గడ్డ దూర్బీన్‌లో కనబడదు. అసలు చిక్కంతా అక్కడే.

మన ఊరి కాలువల లెక్కతో చెబితే సులువు. వంశధార ప్రధాన కాలువ నుంచి బ్రాంచి కాలువ, దాని నుంచి పిల్లకాలువ, దాని నుంచి పొలంలోకి బోదె. శ్వాసనాళం కూడా అలాగే చీలుతూ పోతుంది, గాలితిత్తులదాకా దాదాపు 23 సార్లు. మామూలు బ్రాంకోస్కోపు మందం 5 నుంచి 6 మిల్లీమీటర్లు. అది నాలుగో ఐదో చీలికదాకా వెళ్లి ఆగిపోతుంది. అక్కడిదాకా ఉన్న గడ్డ కంటికి కనబడుతుంది, చూసి కొరికి తీయొచ్చు. కానీ ఈ రోజుల్లో సీటీల్లో బయటపడుతున్న చిన్న గడ్డల్లో చాలా భాగం శివారు పొలాల్లో ఉంటాయి, పక్కటెముకల లోపలి అంచుకు దగ్గరగా. పెద్ద పడవ ఆగిపోయిన చోటు నుంచి ఆ చివరి మడిదాకా ఎలా పోవాలన్నదే ఈ శాస్త్రమంతా.

మొదలు మాత్రం ఎముక ముక్కతో అయింది. 1897లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో గుస్టావ్ కిలియన్ అనే గొంతు వైద్యుడు ఒక రైతు కుడి శ్వాసనాళంలో ఇరుక్కున్న పంది ఎముకను నిటారు లోహపు గొట్టంతో తీశాడు. నొప్పి తెలియకుండా కొకైన్ పూత పూశాడు. తర్వాత డెబ్బై ఏళ్లూ ఆ నిటారు గొట్టాలదే రాజ్యం. వంగే గొట్టాన్ని తెచ్చినవాడు టోక్యో జాతీయ క్యాన్సర్ కేంద్రంలో పనిచేసిన షిగెటో ఇకెదా. సన్నని గాజుపోగుల కట్టతో చేసిన తన నమూనాను 1966లో కోపెన్‌హేగన్ సభలో చూపించాడు. ఈ వేళ మన ఆసుపత్రుల్లో కనబడే బ్రాంకోస్కోపు దాని మనవడే. గాజుపోగుల స్థానంలో కొనకు బుల్లి కెమెరా వచ్చింది, అంతే తేడా.

ఇకెదా గొట్టం వచ్చాక కూడా అంచు గడ్డల విషయంలో పని గుడ్డిదే. ఎక్స్‌రే తెర మీద నీడను చూస్తూ ఫోర్సెప్స్ అనే బుల్లి పటకారును లోపలికి తోసి, అంచనా మీద నోరు తెరిపించి, మూయించి, లాగడం. గడ్డ రెండు సెంటీమీటర్లకు మించి ఉంటే కొంత దొరికేది, చిన్నదైతే అదృష్టం. చిన్నాన్నకు మొదటిసారి జరిగింది దాదాపు ఇదే. దీన్ని తీసిపారేయనక్కర్లేదు. దేశంలో ఎన్నో చోట్ల ఇప్పటికీ ఉన్న సాధనం ఇదే. కానీ ఇలా తీసిన ముక్కలో క్యాన్సర్ లేకపోతే ఆ "లేదు"కు బరువు చాలా తక్కువన్నది రోగికి ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి.

యంత్రాల కథలోకి వెళ్లేముందు పైసా ఖర్చు లేని ఒక సాధనం గురించి చెప్పాలి. సీటీని సన్నని పొరలుగా తీయించి, గడ్డలోకి నేరుగా ఒక చిన్న శ్వాసనాళం పోతోందా లేదా అని చూడటం. దీన్ని బ్రాంకస్ సైన్ అంటారు. కాలువ భాషలో, ఆ మడికి సొంత బోదె ఉందా లేదా అన్న ప్రశ్న. స్పెయిన్ వైద్యులు 2010లో విద్యుదయస్కాంత నావిగేషన్‌తో చేసిన పరీక్షల్లో ఈ గుర్తు ఉన్నవారిలో 79 శాతం మందికి నిర్ధారణ అయింది, లేనివారిలో 31 శాతం మందికే. యంత్రం అదే, చేతులూ అవే, తేడా బోదెది. ఇంత తేడా తెచ్చిన యంత్రం నాకు తెలిసి ఇంతవరకూ లేదు. అయినా చాలాచోట్ల రోగి చేతిలో ఉండేది మందపాటి పొరల సీటీ, ఒక ఫిల్మ్, రెండు లైన్ల రిపోర్టు. సీడీ ఇవ్వమని అడిగితే కౌంటర్లో విసుక్కుంటారు. అడిగి తీసుకోవాల్సిందే.

యంత్రాల్లో మొదట చెప్పుకోవాల్సింది రేడియల్ ఈబస్. 1.4 మిల్లీమీటర్ల మందమున్న తీగ, దాని కొనలో గుండ్రంగా తిరిగే అల్ట్రాసౌండ్ గింజ. గొట్టంలోంచి దీన్ని శివారుదాకా తోస్తారు. మంచి ఊపిరితిత్తి గాలితో నిండి ఉంటుంది కాబట్టి తెర మీద మంచు కురుస్తున్నట్టు తెల్లటి పొడి కనబడుతుంది. తీగ గడ్డలోకి దిగగానే ఆ మంచు మధ్య బూడిదరంగు బిళ్ల, చుట్టూ మెరిసే అంచు. ఇది కనబడిన క్షణం ఆ గదిలో అందరి భుజాలూ కాస్త కిందికి దిగుతాయి. తర్వాత తీగ తీసేసి, అది పోయిన సన్నని తొడుగు కదలకుండా ఉంచి, అదే తొడుగులోంచి ఫోర్సెప్స్ పంపుతారు. ఈ తొడుగు పద్ధతిని స్థిరపరచినవాడు జపాన్‌కే చెందిన కురిమోతొ. 2004లో ఆయన బృందం 150 గడ్డల మీద ప్రకటించిన లెక్కలో మొత్తం మీద 77 శాతం నిర్ధారణ అయ్యాయి. తీగ గడ్డ నడిబొడ్డున ఉంటే 87 శాతం, గడ్డ పక్కన ఆనుకుని ఉంటే 42 శాతం.

ఆ 87కూ 42కూ మధ్య ఉన్న దూరం కొన్ని మిల్లీమీటర్లే. రెండు సందర్భాల్లోనూ తెర మీద గడ్డ కనబడుతూనే ఉంది. రెండో సందర్భంలో ఫోర్సెప్స్ గడ్డ పక్కింటి తలుపు తట్టి వస్తోంది. కనబడటం, చేరడం, చిక్కడం మూడూ వేర్వేరని మొదట అంకెల్లో చూపించిన పరిశోధనల్లో ఇదొకటి.

గొట్టాన్నే సన్నం చేస్తే? అదీ చేశారు. 3 మిల్లీమీటర్ల అతిసన్నని బ్రాంకోస్కోపుతో జపాన్‌లో మసాహిదె ఒకి బృందం 2015లో ప్రచురించిన పోలికలో 74 శాతం నిర్ధారణ వచ్చింది. కాస్త లావుపాటి గొట్టం, తొడుగు పద్ధతితో 59 శాతమే. అంతకు ముందు 2011లో, సీటీ బొమ్మల నుంచి కంప్యూటర్ గీసిన దారి పటాన్ని పక్కన పెట్టుకుని పోతే 80, పటం లేకుండా పోతే 67 శాతం అని అక్కడివాళ్లే తేల్చారు. జపాన్ వాళ్ల పద్ధతి నాకు ముచ్చటగా ఉంటుంది. కొత్త యంత్రం కొనేముందు ఉన్న గొట్టాన్ని కాస్త సన్నం చేస్తారు, దారిని కాస్త ముందుగా కంఠస్థం చేస్తారు.

అమెరికా దారి వేరు. విద్యుదయస్కాంత నావిగేషన్‌కు అక్కడ 2004 నాటికే అనుమతి వచ్చింది. కారులో జీపీఎస్ లాంటిదని అమ్మేవాళ్లు చెబుతారు. రోగి కింద అయస్కాంత క్షేత్రం పరిచి, సాధనం కొనలో చిన్న సెన్సర్ పెట్టి, ముందుగా తీసిన సీటీ పటం మీద అది ఎక్కడుందో చూపిస్తారు. 2007లో ఎబెర్‌హార్ట్ బృందం 118 మంది మీద చేసిన పరిశోధన దీనికి గొప్ప ఊపునిచ్చింది. ఈబస్ ఒక్కటే అయితే 69 శాతం, నావిగేషన్ ఒక్కటే అయితే 59, రెండూ కలిస్తే 88. ఇక దీనికి తిరుగులేదనుకున్నారు.

తొమ్మిదేళ్ల తర్వాత నీళ్లు చల్లింది ఆక్వైర్ రిజిస్ట్రీ. ఆరితేరిన ఏ ఒక్క చోటో కాకుండా 15 కేంద్రాల్లో, 581 మంది రోగుల్లో, రోజువారీ పనిలో ఏం జరిగిందో లెక్క కట్టారు. 2016లో వచ్చిన ఆ అంకెలను చూసి చాలామందికి నోట మాట రాలేదు. ఏ యంత్రమూ వాడని మామూలు బ్రాంకోస్కోపీలో 63.7 శాతం నిర్ధారణ. రేడియల్ ఈబస్‌తో 57. నావిగేషన్ ఒక్కదానితో 38.5. రెండూ కలిపితే 47.1. యంత్రం చేరాక ఫలితం తగ్గినట్టుంది వరస! కష్టమైన గడ్డలకే యంత్రం వాడి ఉంటారు కదా అన్న సమాధానం కొంతవరకు న్యాయమే. కానీ ఆ తేడాలను లెక్కలో సర్దిన తర్వాత కూడా యంత్రాలకు అనుకూలంగా ఏమీ తేలలేదు.

అదే రిజిస్ట్రీలో ఇంకో సంగతి ఉంది, దాని గురించి తక్కువ మంది మాట్లాడారు. ఫోర్సెప్స్‌కు తోడు సూది కూడా వాడినచోట ఫలితం మెరుగైంది. అయినా సూది వాడింది 16.4 శాతం మందిలోనే. ఎందుకు మెరుగవుతుందో ఊహించడం కష్టం కాదు. గడ్డ చాలాసార్లు నాళం గోడకు బయట ఆనుకుని ఉంటుంది. ఫోర్సెప్స్ గోడనే కొరికి తెస్తుంది, సూది గోడ దాటి గుచ్చుతుంది. కురిమోతొ లెక్కలో తీగ గడ్డ పక్కన ఆనుకుని ఉన్న రోగులకు కావలసింది సూదే. సూది నావిగేషన్ యంత్రం కంటే ఎన్నో రెట్లు చవక. దాని గురించి ఐదు నక్షత్రాల హోటల్లో సదస్సు ఎవరు పెడతారు?

యంత్రం ఎందుకు దారి తప్పిందో అంతకు ముందే కొంత తేలింది. పటం గీసే సీటీని రోగి గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టినప్పుడు తీస్తారు. పరీక్ష చేసేటప్పుడు రోగి మత్తులో వెల్లకిలా పడుకుని చిన్నగా ఊపిరి తీస్తుంటాడు. ఊపిరితిత్తి ముడుచుకుంటుంది, గడ్డ కదులుతుంది. ఎంత? 2015లో అలెగ్జాండర్ చెన్ బృందం కొలిస్తే సగటున 17.6 మిల్లీమీటర్లు. మా చిన్నాన్న గడ్డ మొదట్లో 18 మిల్లీమీటర్లు. అంటే గడ్డ తన ఒళ్లంత దూరం పక్కకు జరిగిపోయి ఉంటుంది, పటంలో మాత్రం పాత చోటే ఉంటుంది. గోదావరి వరదలో పాయ మారిపోయాక పాత సర్వే రాళ్లు పట్టుకుని లంకను వెతికినట్టు.

దీనికి రెండు రకాల జవాబులు వచ్చాయి. ఒకటి, పరీక్ష జరుగుతుండగానే బల్ల చుట్టూ తిరిగే కోన్ బీమ్ సీటీతో కొత్త పటం తీసుకోవడం. సూది నిజంగా గడ్డలో ఉందో లేదో ఇది చూపిస్తుంది, మంచి సాధనమే, కోట్లలో పని. రెండోది మత్తు డాక్టరు చేతిలో ఉంది. అమెరికాలో 2022లో వచ్చిన వెస్పా అనే పరిశోధనలో వెంటిలేటర్ మీటలను కాస్త మార్చారు. శ్వాస చివర ఒత్తిడి కొంచెం పెంచి, ఆక్సిజన్‌ను నూరు శాతానికి పోనివ్వకుండా ఆపారు. మామూలు పద్ధతిలో 84.2 శాతం మందిలో ఊపిరితిత్తి అడుగుభాగం ముడుచుకుంటే, ఇలా చేసినవారిలో అది 28.9కి దిగింది. ఖర్చు సున్నా. ఈ వ్యాసం చదివే మత్తు డాక్టరు ఒక్కరున్నా, ఈ పేరా దగ్గర కాసేపు ఆగాలని నా కోరిక.

తర్వాత రోబో వచ్చింది. మొనార్క్ అనే రోబోకు 2018లో, అయాన్ అనేదానికి 2019లో అమెరికా అనుమతులు. అయాన్ గొట్టం బయటి మందం 3.5 మిల్లీమీటర్లు, వంపులను తనంతట తాను పసిగట్టి, గురిపెట్టాక కదలకుండా నిలబడుతుంది. చేతి వణుకు లేదు, భుజం నొప్పి లేదు. మొనార్క్ మీద 2021లో వెలువడిన బెనిఫిట్ పరిశోధనలో 54 మంది రోగులు. 96.2 శాతం గడ్డలను రోబో చేరుకుంది, అల్ట్రాసౌండ్ తీగ వాటిని చూపించింది. నిర్ధారణ అయినవి 74.1 శాతం. ఇంత నునుపైన యంత్రంతో గడ్డదాకా వెళ్లాక కూడా అయిదో వంతుకు పైగా ఖాళీ చేతులతో తిరిగొచ్చాయి. ఈ రంగంలో నేను చదివిన అన్ని అంకెల్లో నన్ను ఎక్కువసేపు ఆపినవి ఈ రెండే. గుడికి వెళ్లినవాళ్లందరికీ దర్శనమైందని లెక్క రాసుకుంటున్నాం మనం.

ఇంతకీ గొట్టమే ఎందుకు, బయటి నుంచి పక్కటెముకల మధ్య సూది గుచ్చకూడదా అంటారు. గుచ్చుతున్నారు, చాలాచోట్ల మొదటి దారి అదే. సీటీ చూస్తూ గుచ్చే సూది బాగా దొరకబుచ్చుకుంటుంది. దాని చిక్కల్లా న్యూమోథొరాక్స్, అంటే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి అది ముడుచుకుపోవడం. అమెరికాలో దాదాపు 16 వేల మంది రికార్డులు చూసిన 2011 నాటి పరిశోధనలో 15 శాతం మందికి ఇలా అయింది, 6.6 శాతం మందికి ఛాతీలో ట్యూబు వేయాల్సి వచ్చింది. రెండు దారులనూ ముఖాముఖి నిలబెట్టిన పెద్ద పరీక్ష ఒకటి 2025లో వచ్చింది. వెరిటాస్ అనే ఆ పరీక్షలో, 10 నుంచి 30 మిల్లీమీటర్ల గడ్డలున్నవారిలో, నావిగేషన్ గొట్టం 79 శాతం సరిగ్గా చెప్పింది, బయటి సూది 73.6 శాతం. న్యూమోథొరాక్స్ గొట్టంతో 3.3 శాతం, సూదితో 28.3 శాతం. ముప్పై ఏళ్లు దుమ్ము పీల్చి, సగం ఊపిరితో బతికేవారికి ఈ చివరి అంకే ముఖ్యం. ఆయాసంతో ఉన్న మనిషికి ఒక ఊపిరితిత్తి ముడుచుకుంటే అది "చిన్న సమస్య" కాదు. అలాగని గడ్డ ఛాతీ గోడకు ఆనుకుని, పెద్దదై ఉంటే, సీటీ సూదితో పదిహేను నిమిషాల్లో అయ్యే పనికి గొట్టం వేయడం చాదస్తమే.

అన్నిటికంటే తెలివైన దారి ఒక్కోసారి గడ్డ జోలికే పోకపోవడం. ఊపిరితిత్తుల మధ్యలో లింఫ్ గ్రంథులు ఉబ్బి ఉంటే, లీనియర్ ఈబస్ గొట్టంతో శ్వాసనాళం గోడలోంచి వాటిలోకి సూది గుచ్చొచ్చు. అక్కడ క్యాన్సర్ దొరికితే జబ్బు పేరూ తెలుస్తుంది, అది ఎంతవరకు పాకిందో కూడా అదే సూది చెబుతుంది. మెడలో గ్రంథి చేతికి తగులుతుంటే ఇంకా సులువు, బయటి నుంచే సూది చాలు. మెడ తడిమి చూడకుండా రోబో దగ్గరికి పంపడం తలుపు తీసి ఉండగా గోడ దూకడమే.

ఇక ముక్క చేతికొచ్చాక ఏమవుతుందో చూద్దాం. సమీక్షల్లో దీనికి చోటు తక్కువ, ఇళ్లలో గొడవలు దీని దగ్గరే. ఫోర్సెప్స్ నోట్లో వచ్చే ముక్క ఎంతుంటుందో చూశారా? తెల్లటి గాజు సీసాలో ఫార్మలిన్ పోసి అందులో జాడిస్తే, మినప్పప్పు కడిగినప్పుడు తేలే పొట్టు అంత. ఒకటి రెండు మిల్లీమీటర్లు. ఐదారు తీస్తే వాటిలో రెండు నెత్తురు గడ్డలు, ఒకటి మంచి గోడ. మిగిలిన దాంట్లోంచే పాథాలజిస్టు క్యాన్సరా కాదా, ఏ రకం, ఏ జన్యుమార్పు అన్నీ చెప్పాలి. ఈజీఎఫ్‌ఆర్ అనే జన్యువులో మార్పు మన దేశపు అడినోకార్సినోమా (ఊపిరితిత్తుల క్యాన్సర్లలో ఒక రకం) రోగుల్లో దాదాపు నలుగురిలో ఒకరికి ఉంటుంది. ఉంటే మాత్రతో రోజులు నడుస్తాయి. కణజాలం చాలకపోతే ఆ పరీక్షే ఉండదు. చల్లదనంతో కణజాలాన్ని అతికించుకుని పీకే క్రయోప్రోబు ఇందుకే వచ్చింది. 1.1 మిల్లీమీటర్ల సన్నని తీగతో ఫోర్సెప్స్ కంటే పెద్ద, నలగని ముక్క వస్తుంది. నెత్తురు కారే ప్రమాదం ఎక్కువ, ఆపగల చేతులు ఉండాలి. అలాగే పాథాలజిస్టు పక్కనే కూర్చుని స్లైడు మీద అప్పటికప్పుడు రంగు వేసి "చాలు" అనో "ఇంకా కావాలి" అనో చెప్పే పద్ధతి. మైక్రోస్కోపు, రంగు సీసా, పది నిమిషాలు ఓపిక పట్టే ఒక మనిషి, ఇంతే దానికి కావలసిన సామాను.

చిన్నాన్న మొదటి పరీక్షలో ఇంకో పొరపాటు జరిగింది. ఏ ఆసుపత్రో అనవసరం, ఎక్కడైనా జరిగేదే. తీసిన ముక్కలన్నీ ఒకే సీసాలో, ఫార్మలిన్‌లో వేశారు. ఫార్మలిన్ కణాలను పాడవకుండా నిలబెడుతుంది, టీబీ క్రిములను మాత్రం చంపేస్తుంది. ఇక వాటిని పెంచి చూడటానికి వీల్లేదు. టీబీ సంగతి తేల్చాలంటే ఒకటి రెండు ముక్కలు సెలైన్‌లో, ఊపిరితిత్తిని కడిగిన నీళ్లు విడిగా పంపాలి. అది చేయలేదు కాబట్టి క్యాన్సరూ తేలలేదు, టీబీ కూడా తేలలేదు. మరి ఏం చేశారు? టీబీ మందులు మొదలుపెట్టారు.

మన దేశంలో ఇది కొత్త కాదు. ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు ఇక్కడే ఉన్నప్పుడు, ఊపిరితిత్తిలో మచ్చ చూస్తే టీబీ అనుకోవడం తప్పూ కాదు. కానీ జపాన్, అమెరికా అంకెలను ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోలేకపోవడానికి కారణం కూడా ఇదే. జంషెడ్‌పూర్ ఉన్న సింగ్‌భూమ్ ప్రాంతానికి ఇంకో పొర ఉంది. తూర్పు సింగ్‌భూమ్‌లోని ముసాబనీలో ఫర్నేసుల లోపలి పూతకు వాడే ర్యామింగ్ మాస్ కోసం క్వార్ట్జ్ రాయిని పిండి కొట్టే కార్ఖానాల కూలీల్లో సిలికోసిస్ బయటపడింది. ఆ పిండిని ఫర్నేసుల్లో దట్టించేవాళ్లు, పగలగొట్టి తీసేవాళ్లు ఫౌండ్రీ కూలీలు. సిలికోసిస్ ముదిరితే ఊపిరితిత్తి పైభాగాల్లో పీచు గడ్డలు కడతాయి, సీటీలో అచ్చం క్యాన్సర్‌లా ఉంటాయి. సిలికా ఉన్నచోట టీబీ సులువుగా పడుతుంది. ఆ సిలికాయే క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో మొదటి జాబితాలో చేర్చింది. పశ్చిమ సింగ్‌భూమ్‌లో చాయ్‌బాసా దగ్గరి రోరో కొండల్లో ఆస్బెస్టాస్ గనులు 1983లో మూతపడ్డాయి, పొడి గుట్టలు మాత్రం మిగిలిపోయాయి. కోక్ ఓవెన్ల పని, ఇనుము పోత పని కూడా ఆ జాబితాలోనే ఉన్నాయి. ఒకే మనిషి ఛాతీలో పీచుగడ్డ, టీబీ, క్యాన్సర్ మూడూ ఉండే అవకాశం ఉన్న చోట, ఒక ముక్కలో ఒకటి దొరికిందని మిగతా రెండూ లేవనుకోవడానికి లేదు.

నిర్ధారణ శాతం అనే అంకె వెనక ఒక గడుసుతనం కూడా ఉంది. ముక్కలో "వాపు లక్షణాలు మాత్రమే" అని వస్తే దాన్ని నిర్ధారణ అనాలా, దొరకలేదు అనాలా? ఉదారంగా లెక్కిస్తే 85, కఠినంగా లెక్కిస్తే అదే పరిశోధన 70 అవుతుంది. ఈ గందరగోళం భరించలేక అమెరికా ఛాతీ వైద్యుల సంఘాలు రెండూ కలిసి 2024లో ఒక నిర్వచనం ఇచ్చాయి. క్యాన్సర్ గానీ, ఆ మచ్చకు కారణం చెప్పే స్పష్టమైన వేరే జబ్బు గానీ ముక్కలోనే కనబడాలి, తర్వాత నెలలు గడిచి మచ్చ కరిగిపోవడాన్ని పరీక్ష ఖాతాలో వేసుకోకూడదు. కాబట్టి పాత పేపర్లలో, బ్రోచర్లలో కనబడే 90 శాతాలను కాస్త దూరంగా పెట్టి చూడటం మంచిది.

ఇన్నింటి తర్వాత నా తూకం ఎటు మొగ్గుతుందో దాచను. మన ఊళ్ల ఆసుపత్రికి డబ్బు వస్తే ముందు కొనాల్సింది రేడియల్ ఈబస్ తీగ, సన్నని గొట్టం, సూదులు. నియమించుకోవాల్సింది స్లైడు చదివే మనిషిని. రోబో వద్దనడం లేదు, వరసలో వెనక అంటున్నాను. జంషెడ్‌పూర్‌లో 1908 నుంచి టాటా మెయిన్ హాస్పిటల్ ఉంది. లుకేమియాతో 1931లో పోయిన మెహెర్‌బాయి టాటా పేరిట క్యాన్సర్ ఆసుపత్రీ ఉంది. అయినా ఇక్కడి జనానికి పెద్ద జబ్బు అనగానే నోటికొచ్చే మాట "వెల్లూరు". అంత దూరం రైలెక్కి వెళ్లినవాడికి అక్కడ మొదట అడిగేది పాత సీటీ సీడీ, పాత స్లైడ్లు, ముక్కను భద్రపరిచిన పారాఫిన్ దిమ్మ. అవి ఇంటి దగ్గర లేవంటే కథ మళ్లీ మొదటికే.

చిన్నాన్నకు రెండోసారి పరీక్ష వేరే ఊళ్లో జరిగింది. సీటీ చూసిన డాక్టరమ్మ మొదట మెడ తడిమింది, ఏమీ తగల్లేదు. సీటీలో గడ్డలోకి పోయే నాళం ఉంది, నడిమి గ్రంథి కూడా కాస్త ఉబ్బి ఉంది. ముందు గ్రంథిలో సూది, తర్వాత గడ్డ దగ్గరికి తీగ, సూది, ఫోర్సెప్స్. గంటకు పైగా పట్టింది. బయటికొచ్చిన నర్సు నా చేతిలో రెండు సీసాలు పెట్టి మూడో అంతస్తు ల్యాబులో ఇచ్చి రమ్మంది. మన ఆసుపత్రుల్లో ముక్కను మోసేది రోగి తాలూకు మనిషే, ఎంత గొప్ప యంత్రం తీసినా సరే. ఒకదాని మీద ఫార్మలిన్, ఇంకోదాని మీద సెలైన్ అని టేపు మీద రాసి ఉంది. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కి వెళ్లాను. కౌంటర్లో కుర్రాడు తల ఎత్తకుండానే, ముక్క పరీక్షా టీబీ కల్చరా అని హిందీలో అడిగాడు. రెండూ అన్నాను. రెండు రసీదులు రాసిచ్చాడు.

మొదటి సీసా జవాబు ఎనిమిదో రోజున వచ్చింది: అడినోకార్సినోమా, గ్రంథిలో లేదు, గడ్డలో ఉంది. రెండో సీసా జవాబు ఆరు వారాలకు వచ్చింది, టీబీ క్రిములు పెరగలేదని. అప్పటికి ఆయనకు ఆపరేషనై పద్దెనిమిది రోజులు. కుట్ల మీద చెయ్యి పెట్టుకుని మంచం మీద కూర్చుని, ఈ కాగితంలో ఏముందని అడిగాడు. చదివి చెప్పాను. "నేదా, దొరకనేదా?" అన్నాడు.